ముందు వరుసలో ఫోను

పరాయి దేశంలో, పగలంతా లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆమె కూనిరాగం తీస్తుంటుంది. సెలవురోజు తన దేశంవాళ్ళ సభల్లో కళ్ళు మూసుకుని, అమ్మ నేర్పిన పాట పాడుతుంది. ఆమె దేశంలో ఆ పాటను నిషేధించారు. అందుకే ముందు వరుసలో ఆ దేశపు రాయబార కార్యాలయం ఉద్యోగి ఫోనెత్తి వీడియో తీస్తుంటాడు. అతనికి పాటంటే ప్రాణమేమో అనుకుంటారు కొత్తవాళ్ళు. మొన్న వేదికెక్కబోతుంటే ఇంటి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పోలీసులు వచ్చి ఇంట్లోనే కూర్చున్నారు. ఆ పాట పాడకక్కా." ఆమె పాటలోని మాటలన్నీ మింగేసి వట్టి రాగమే తీసింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు, ముందు వరుసలోని ఫోను వైపే చూస్తూ పాడింది. మర్నాడు మళ్ళీ ఫోను మోగితే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "అమ్మ ఎలా ఉందిరా?" "'నీ కూతురు దారికొచ్చింది' అని పోలీసులు అమ్మకి నీ వీడియో చూపించారక్కా. నువ్వు రాగం తీస్తుంటే, అమ్మ వాళ్ళ ముందే మాటలు అందుకుంది."