అణియం మీద నాలుగు సింహాలు

డెలానీపూర్‌లో నేను పనిచేసే ఆఫీసులో రోజూ నా చేతుల మీదుగా కట్టలకొద్దీ కాగితాలు పోతాయి. ప్రతి కాగితం నెత్తిన మూడు సింహాలు కూర్చుని ఉంటాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో సత్యమేవ జయతే అని ఉంటుంది. మా ఆఫీసులో ఆ అక్షరాలు ఎవరూ చదవరు. వాళ్లకు తీరిక లేక చదవరు. నేను చదవకపోవడానికి కారణం వేరే ఉంది. అది చెప్పడానికే కూర్చున్నాను. నేను బడిలో చదివింది హిందీ. ఈ తెలుగు పెద్దయ్యాక దిద్దుకున్నది, తప్పులు దొర్లితే సర్దుకోండి.

మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి హోప్ టౌన్‌లో స్థిరపడ్డాడు. మా అయ్య ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. అయ్యకు ఒక డుంగీ ఉండేది. డుంగీ అంటే మా దీవుల్లో ఇంజను బిగించిన చెక్క పడవ. అయ్య ఇంట్లో కంటే దానిమీద ఉన్న సమయమే ఎక్కువ. పరాయి దేశాల పడవలు దొంగతనంగా వచ్చి ఈ సముద్రంలో చేపలు పట్టుకుపోతుంటాయి కాబట్టి గస్తీ బోటువాళ్లు మావాళ్లను ఆపి చూడటంలో తప్పేమీ లేదు. ఒళ్లు మండేది వాళ్లు అడిగే తీరుకే.

"కిధర్ కా హై?" అని అడిగేవారు. ఎక్కడివాడివి అని.

"హోప్ టౌన్, సాబ్."

"అరే, అసల్ మే కిధర్ కా?"

అసలు ఎక్కడివాడివి అంటే అయ్య ఏ ఊరు చెప్పాలి? శ్రీకాకుళం అంటే అక్కడ తనను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. హోప్ టౌన్ అంటే వీళ్లు నమ్మడం లేదు. నిన్నగాక మొన్న సముద్రం అవతలి పెద్దభూమి నుంచి బదిలీ మీద దిగినవాడు, ఇక్కడే బొడ్డు కోయించుకున్న మనిషిని నువ్వెవరివని అడుగుతాడు. ఆ రోజుల్లో అయ్య ఇంటికొచ్చి ఉప్పు బట్టలతోనే గుమ్మంలో కూర్చునేవాడు, అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, వానలు తగ్గి పడవ మళ్లీ నీళ్లలోకి దించే ముందు, అయ్య ఒక రూపాయి బిళ్ల తెచ్చి నా చేతిలో పెట్టాడు. బొమ్మలు వేయడంలో బడిలో నాకు మంచి పేరుండేది.

"ఒలే గుంటా, ఈ సిమ్మాల బొమ్మ మన అణియం మీద ఎయ్యగలవేటి?" అన్నాడు. అణియం అంటే పడవ ముందు కొమ్ము. గుంట అంటే మావాళ్ల మాటలో ఆడపిల్ల.

"ఎందుకయ్యా?"

"సర్కారు జీపుకి ఇదే ఉంటాది, సర్కారు కాయితానికి ఇదే ఉంటాది. దాన్ని ఎవుడైనా ఆపి, నీదే ఊరని అడుగుతాడేటి?"

ఆయన లెక్క అంత సూటిగా ఉంది. నాకూ సబబుగానే తోచింది. బిళ్ల మీద బొమ్మ మరీ చిన్నదని సాంఘికశాస్త్రం పుస్తకం తీసి, అందులో ఉన్నది అయ్యకు చదివి చెప్పాను. ఇది పూర్వం ఒక చక్రవర్తి సారనాథ్‌లో నిలబెట్టించిన రాతి స్తంభం తల అని, బుద్ధుడు మొదటిసారి బోధించిన చోటు అదేనని చెప్పాను. సింహాలు మూడు కావు నాలుగు, వీపులు ఆనించుకుని నాలుగు దిక్కులకూ చూస్తుంటాయి, కాగితం మీద వెనకది కనబడదు అన్నాను. వాటి కాళ్ల కింద పట్టీ మీద మధ్యన ధర్మచక్రం, కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం. అసలు రాతికి అడుగున బోర్లించిన తామరపువ్వు కూడా ఉందని, గణతంత్రం వచ్చినరోజు దీన్ని దేశానికి ముద్రగా తీసుకున్నప్పుడు ఆ పువ్వును మాత్రం వదిలేశారని, ఉపనిషత్తులోని మాట ఒకటి కింద చేర్చారని చెప్పాను.

"పువ్వునొగ్గీసి సిమ్మాల్ని అట్టిపెట్టుకున్నారా! సర్కారోళ్లు మరి," అని నవ్వాడు అయ్య.

ఆ చక్రవర్తి కళింగం మీద యుద్ధం చేసి, లక్షలమంది చచ్చాక పశ్చాత్తాపపడి శాంతిమార్గం పట్టాడని కూడా చదివాను. కళింగం ఎక్కడ అని అడిగాడు. మా తాత వచ్చిన ఆ ఒడ్డు కూడా అందులోదే అన్నాను.

"అంటే మనోల్నే సంపీసి, తరవాత ఏడ్సినాడన్నమాట. పోన్లే, ఏడ్సినాడు కదా. అది కూడా లేనోళ్లని సూత్తన్నాం," అన్నాడు. తర్వాత రంగు డబ్బాల మూతలు తీశాడు.

కాగితం మీద కుదరనిది పడవ మీద కుదిరింది. మధ్య సింహం సరిగ్గా కొమ్ము అంచు మీదికి వచ్చింది. మిగతా రెండూ చెరో పక్కకు వెళ్లాయి. చక్రం అంచు మీద, ఎద్దు ఒక వైపు, గుర్రం ఒక వైపు. కింద హిందీ అక్షరాల్లో ఒక పక్క సత్యమేవ, రెండో పక్క జయతే అని రాశాను. నాలుగో సింహాన్ని ఎక్కడ పెట్టాలో అయ్యే చెప్పాడు. పడవ లోపల, అణియం పలకకు వేయమన్నాడు, పనిచేసుకునేవాడి ముఖంలోకి చూసేలా. "ఊరందరికేసి మూడు సూత్తాయి. మనకేసి సూసేది ఒకటైనా ఉండాల కదా," అన్నాడు. దాన్ని అన్నిటికంటే శ్రద్ధగా వేశాను. బడిలో బొమ్మల పోటీకి వేసినప్పటి అలవాటుకొద్దీ, దాని కింద, పేరు వరకూ అయ్య నేర్పిన తెలుగు అక్షరాలతో నా పేరు కూడా రాసుకున్నాను.

పడవ దించే రోజు అమ్మ మామూలుగా చేసేదంతా చేసింది. అణియానికి పసుపు పూసి బొట్టు పెట్టడం, వేపమండలు కట్టడం, కొబ్బరికాయ కొట్టడం మావాళ్లకు తాతల నాటి నుంచి ఉన్నదే. అణియం గంగమ్మది. దాని మీద ఏ బొమ్మ ఉంటే దానికి పూజ చేస్తారు. ఈసారి సింహాలున్నాయి. అమ్మవారి వాహనమే స్వయంగా వచ్చి కూర్చుందని ఆడవాళ్లు మురిసిపోయి, మూడు సింహాల నుదుళ్లకూ పసుపు రాసి ఇంతింత కుంకుమ బొట్లు పెట్టారు. చక్రానికి కూడా పెట్టారు. దేశముద్రకు అంత మనసారా దండం పెట్టినవాళ్లను నేను ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ చూడలేదు.

గస్తీ బోటు రెండు వారాలు మమ్మల్ని ఆపలేదు. అయ్య ముఖం చూస్తే పండగలా ఉండేది. ఆ తర్వాత లైసెన్సు రెన్యువల్‌కని ఒక అధికారి పడవలు చూడటానికి జెట్టీకి వచ్చాడు. నేను బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను, నా బొమ్మను ఆయన మెచ్చుకుంటాడని. ఎంత వెర్రిదాన్నో చూడండి.

ఆయన పడవ ముందు ఆగి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. జాతీయ చిహ్నాన్ని ఇలా సొంతానికి వాడుకోవడం చట్టం ప్రకారం నేరమన్నాడు. అది నిజమే, మాకు తెలియదు. దాని మీద పసుపూ ఎరుపూ పూసి అవమానించారన్నాడు. మా అమ్మ పెట్టిన బొట్టు ఆయన కంటికి మరక.

అయ్య అప్పటికే పడవ లోపలికి జరిగి అణియం పలకకు వీపు ఆనించి కూర్చున్నాడు. అధికారి లేచి నిలబడమన్నా లేవలేదు. నడుము పట్టేసింది సాబ్ అన్నాడు. నడుముకు ఏమీ కాలేదని నాకు తెలుసు. ఆ వీపు వెనక నా పేరు ఉంది.

"యే కిస్ నే బనాయా?" అన్నాడు అధికారి. ఇది ఎవరు వేశారని.

"మైనే, సాబ్," అన్నాడు అయ్య. నేనే వేశాను అని.

"హిందీ కూడా నువ్వే రాశావా?"

"హాఁ, సాబ్."

అధికారి జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చి, కూర్చున్నచోటే పడవ చెక్క మీద రాసి చూపించమన్నాడు. అయ్య సుద్దముక్క పట్టుకుని పైన ఒక అడ్డగీత గీశాడు. నేను ముందు ఆ గీత గీసుకుని దానికి అక్షరాలు వేలాడదీయడం ఆయన చూశాడు. అంతవరకే ఆయనకు తెలుసు. గీత చివర చెయ్యి ఆగిపోయింది. చెయ్యి ఎత్తకుండా నాకేసి చూశాడు. వద్దు అని ఆ చూపు. నేను పది అడుగుల దూరంలో, యూనిఫాంలో, చేతిలో పుస్తకాలతో నిలబడి ఉన్నాను. బడిపిల్ల సరదాగా గీసిందంటే నాలుగు తిట్టి వదిలేసేవాడేమో. ఆ ఒక్క మాట నా దగ్గరే ఉండిపోయింది.

బొమ్మ చెరిపేయమని చెప్పి, ఏదో రాసుకుని అధికారి వెళ్లిపోయాడు. ఇంటికొస్తూ దారిలో అయ్య అన్నాడు. "నోరు మూసుకో గుంటా. రేపు నీకు సర్కారు నౌకరీ రావాల. పేరు మీద కేసుంటే ఎవుడిత్తాడు?"

సింహాలను ఆ సాయంత్రమే అయ్య గీకేశాడు, పడవ అడుగున పట్టిన గుల్లలు గీకే ఇనప పట్టీతో. లోపలిదాని జోలికి వెళ్లలేదు. కొన్నాళ్లకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంట్లో హిందీ చదవగలిగేది నేనొక్కదాన్నే, నేనే చదివాను. పడవ యజమాని ఝూటా బయాన్, అంటే అబద్ధపు వాంగ్మూలం, ఇచ్చాడు, బొమ్మ వేసినవాణ్ని దాస్తున్నాడు, ఆ మనిషిని తెచ్చి చూపేదాకా లైసెన్సు నిలిపివేయడమైనది. కాగితం నెత్తిన సింహాలు. వాటి కింద సత్యమే గెలుస్తుందని.

"ఝూటా అంటే, నన్ను అబద్ధాలకోరని రాసినారా?" అన్నాడు అయ్య.

అవునన్నాను. ఆయన పట్టుబడిన అబద్ధం ఒక్కటే, అదీ నా కోసం చెప్పినది.

పడవ ఆ సీజనంతా గట్టు మీదే ఉండిపోయింది. చెక్క పడవను నీళ్లకు దూరం చేస్తే పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. మరుసటి వానల తర్వాత ఇంకో అధికారి వచ్చి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా లైసెన్సు మీద సంతకం పెట్టి పంపాడు. అప్పటికి పడవలో ఈ పక్కనుంచి ఆ పక్క వెలుగు కనబడుతోంది. దాన్ని విప్పి వంటచెరకు చేసుకున్నాం. అణియం పలక ఒక్కటి మాత్రం అయ్య ఇంట్లోకి తెచ్చుకుని, తాను పడుకునే మంచానికి ఎదురుగా గోడకు చేరేశాడు. అప్పటినుంచి ఇతరుల పడవల్లో కూలికి వెళ్లాడు. ఆ మనిషికి అంతకు మించిన అవమానం లేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. పోలీసు విచారణలో నా పేరు మీద ఏ మచ్చా లేదు. ఉద్యోగం పక్కా అయ్యేదాకా అయ్య ఆ పాత మాట ఎత్తలేదు. అయిన నెలలోనే కొత్త పడవకు దరఖాస్తు పెట్టుకున్నాడు. లైసెన్సు ఆఫీసువాళ్లు పాత ఫైలు తెరిచారు. ఝూటా బయాన్ ఇచ్చినవాడని అందులో ఉంది. దరఖాస్తు పక్కన పెట్టేశారు.

ఒకరోజు నేను పనిలో ఉండగా, ఉతికిన చొక్కా వేసుకుని ఫెర్రీలో దాటి నా ఆఫీసుకు వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. నా బల్ల ముందు, ఎవరో అర్జీదారు నిలబడినట్టే నిలబడ్డాడు.

"ఇప్పుడు నీ నౌకరీ గట్టిదైపోనాది కదమ్మా. ఓపాలి ఆ ఆఫీసుకెల్లి, ఆ బొమ్మ నానే ఏసినానని ఒక కాయితం రాసిచ్చీ. ఆ మాట కొట్టేత్తారు. నాకు పడవొచ్చేత్తాది."

ఆయన గొంతు తగ్గించి చెప్పలేదు. పక్క బల్లవాళ్లు తలలెత్తి చూశారు. పై అధికారి తలుపు తెరిచే ఉంది. చట్టం, నేరం, విచారణ అన్నీ ఒక్కసారి నా తలలో తిరిగాయి. పడవ ఎండిపోవడం మాత్రం గుర్తుకు రాలేదు.

"అభీ నహీఁ అయ్యా, బాద్ మే దేఖేంగే," అన్నాను. ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం.

సొంత తండ్రితో హిందీలో అన్నాను. చిన్నప్పటి నుంచి ప్రతి ఆఫీసు కిటికీ దగ్గరా మావాళ్లు విని తిరిగొచ్చిన మాట అదే. అది నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అయ్య బల్ల మీది కాగితాల కేసి చూశాడు. సింహాలను చూశాడో, అసలేమీ చూడలేదో తెలియదు. "సరేనమ్మా," అని వెళ్లిపోయాడు. ఎప్పుడూ గుంటా అనే మనిషి, ఆ రోజు మొదలుకొని నన్ను అమ్మా అనే పిలుస్తున్నాడు. రెండోసారి అడగలేదు. నేనూ ఆ లైసెన్సు ఆఫీసుకు వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు.

అయ్య నా ఆఫీసుకు వచ్చిన ఆ వారమే, ఆదివారం హోప్ టౌన్ వెళ్లాను. మంచం ఎదురుగా పలక ఉన్నచోటే ఉంది, కానీ అయ్య దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. నా పేరు కనబడటం లేదు. మాకేసి చూడాలని వేయించుకున్న ఆ ఒక్క సింహం ఇప్పుడు మాకేసి కూడా చూడటం లేదు.