పుట్టీ బాబాయి పోసిన సీటు

వీధిలో అందరూ ఆయన్ని పుట్టీ బాబాయి అంటారు. బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో ముప్ఫై రెండేళ్ళు సొట్టలు పూడ్చిన మనిషి మరి. ఎంత నుజ్జయిన రేకునైనా పుట్టీ పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, నున్నగా తేల్చేవాడు. రిటైరయ్యాక మాత్రం చేతులు ఊరుకుంటేగా! పక్కింటి గోడలో గుంట కనిపించినా వేలితో తడిమి చూస్తాడు. ఆ జబ్బుకు మందు లేదని ఆయన భార్య, అంటే వీధి మొత్తానికీ పిన్ని, ఏనాడో చేతులెత్తేసింది.

ఆ పిన్నికి నిరుడు తుంటి ఆపరేషనయింది. నడక వచ్చింది గానీ ఒక కాలు అంగుళం పొట్టిదైంది. అప్పట్నుంచి మోటార్‌సైకిల్ వెనక సీటు ఆమె మీద పగబట్టింది. పెళ్ళయిన కొత్త నుంచీ ఆయన వెనక కూర్చుని ఊరంతా తిరిగిన మనిషి. ఇప్పుడు ఎక్కితే చాలు, ఒక పక్కకు జారిపోతున్నట్టుండి, ఆయన చొక్కాను రెండు పిడికిళ్ళతో పట్టుకుని, వీధి మలుపు దాటకముందే వెనక్కి తిప్పమనేది. తర్వాత ఎక్కడమే మానేసింది. ఎక్కడికి రమ్మన్నా "మీరు వెళ్ళిరండి" అనేది. ఆ మాట బాబాయి వినలేకపోయాడు. నిజం చెప్పొద్దూ, ఆమె వెనక లేకుండా బండి నడపడం ఆయనకు చేతకాదు.

అందుకని వెనక సీటు తానే ఫైబర్‌తో పోస్తానన్నాడు. పెరట్లో బండికి స్టాండు వేసి, పాత సీటు మీద బంకమట్టి పరిచి, పాలిథీన్ కప్పి ఆమెను కూర్చోమన్నాడు. ఈ వయసులో నాకిదేం ఖర్మని గొణుగుతూనే పావుగంట కదలకుండా కూర్చుంది మహాతల్లి. ఆమె లేచాక మట్టిలో ముద్ర పడింది. దానికి మైనం పూసి, ఫైబర్ పీచు పరిచి, రెసిన్ జిగురులో గట్టిపడే మందు చుక్కలు చుక్కలుగా కలిపి బ్రష్‌తో అద్దాడు. ఆ వాసనకు చుట్టుపక్కల వాళ్ళంతా కిటికీలు మూసుకున్నారు. పీచు గుచ్చుకుని ఆయనకు ఒళ్ళంతా ఒకటే దురద. పెరట్లో స్నానం చేస్తేగానీ ఇంట్లోకి రానివ్వనంది పిన్ని.

మర్నాడు గట్టిపడిన ఫైబర్ డిప్ప చక్కగా ఊడి వచ్చింది. చూడగానే బాబాయి మొహం చిట్లించాడు. ఒకవైపు మిట్ట, ఒకవైపు పల్లం. అన్నేళ్ళు అదే పని చేసిన చెయ్యి ఆగుతుందా? పుట్టీ డబ్బా తీశాడు. సాయంత్రానికల్లా సీటు బల్లపరుపుగా తేలింది. పల్చగా స్పాంజి వేసి, తొడుగు తొడిగి, బండికి బిగించి, సంబరంగా ఆమెను ఎక్కించుకున్నాడు.

మలుపు దగ్గరకు రాకముందే రెండు పిడికిళ్ళూ చొక్కాలో బిగుసుకున్నాయి. వెంటనే బండి తిప్పాడు. ఆమె దిగి, గోడ పట్టుకుని నిలబడి, బాగానే ఉందంది. ఎక్కడ తేడా వచ్చిందో తెలీక, ఇంకో పూత పుట్టీ వేసి చూస్తానన్నాడాయన. అప్పుడు చెప్పింది.

"ఆ గుంట నాదేనండీ. దాన్నెందుకు పూడ్చేశారు?"

కట్టుకున్న మనిషిని బస్సు రేకులా చూశానా అనుకున్నాడు బాబాయి.

మర్నాడు మళ్ళీ మట్టి పరిచాడు. ఈసారి పుట్టీ డబ్బా పిన్ని చేతికిచ్చి, తాను అడిగినా ఇవ్వొద్దన్నాడు. రెండుసార్లు అడిగాడు కూడా. ఆమె ఇవ్వలేదు. సీటు ఎలా వచ్చిందో అలాగే బండికెక్కింది, వంకరగా. పక్క సందులో బండ్లు బాగుచేసే మెకానిక్ అది చూసి, బాబాయి చేతిలో పని ఇలా వచ్చిందేమిటని తెల్లబోయాడు. అది అలాగే ఉండాలన్నాడు బాబాయి, కాస్త గర్వంగానే.

పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. మలుపు వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన బ్రేకు తొక్కి, బండి తిప్పబోయాడు. చొక్కాలో పిడికిళ్ళు లేవు. భుజం మీద ఒక్క చెయ్యి ఉంది, పాతరోజుల్లో లాగే.

"ఇక్కడెందుకు ఆపారు?" అంది పిన్ని. "పోనివ్వండి."