ఎద్దు మెడకెక్కిన ఓడ ముడి

ఆ రోజుల్లో నరసరావుపేట బజారులో నా అంత తెలివితక్కువగా బేరం గెలిచినవాళ్లు ఇంకొకరు లేరని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. డిగ్రీ అయిపోయి, మా టార్పాలిన్ పట్టాల కొట్లో గల్లాపెట్టె దగ్గర కొత్తగా కూర్చున్నాను. చిలకలూరిపేటలో ఒక వ్యాపారి దగ్గర దళసరి నూలు కాన్వాస్ గుట్టగా పడి ఉంటే, కొనే ఉద్దేశం లేకపోయినా నోరు ఊరుకోక, చెప్పిన ధరలో మూడో వంతుకి అడిగాను. కాదంటాడు, లేచి వచ్చేద్దామని నా లెక్క. "తీస్కెళ్లమ్మా" అన్నాడాయన. అడిగిన ధరకి ఇస్తానన్నాక వద్దని లేస్తే వ్యాపారం చేసేవాళ్లలో ఇక తలెత్తుకోలేం. గుట్ట మొత్తం ట్రాలీ ఆటోలో మా కొట్టుకొచ్చింది. అప్పటికే రైతులంతా మిర్చి కల్లాల్లో పరచడానికి తేలికపాటి ప్లాస్టిక్ పట్టాలకి మారిపోయారు.

నాన్న ఆ గుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఏందే ఇది? ఏనుక్కి లంగా కుట్టిస్తావా? కొండ తిరునాళ్ల లోపు ఈ గుడ్డ కదలకపోతే గల్లాపెట్టె మీ అన్నది. నువ్వు బ్యాంకు కోచింగుకి పో" అన్నాడు. (మా అన్నకి ఐదొందల నోటుకి చిల్లర ఇవ్వాలంటే చెమటలు పడతాయి. అయినా సరే.)

నన్ను ఆదుకున్నది పక్కింటి ఓడ బాబాయి. సరుకు ఓడల్లో పనిచేసి వచ్చినాయన. రోజూ మా అరుగు మీద కూర్చుని, మా తాళ్లతోనే ముడులల్లుతూ, దొరికినవాళ్లకల్లా తుఫాను కథలు చెప్పేవాడు. కాన్వాస్ చూడగానే లేచి నిలబడ్డాడు. "అమ్మాయ్, ఇది ఓడోళ్ల గుడ్డ! మా సంచులు మేమే కుట్టుకునేవాళ్లం. సముద్రం మధ్యలో కొట్టుంటదా ఏంది?" అరచేతికి తోలుపట్టీ చుట్టుకుని, దాంతో సూదిని నెడుతూ, కుండలా నిలబడే సంచి కుట్టాడు. దాని పిడికి తెల్లని నూలుతాడుతో వరసలు వరసలుగా, జడలో జడ అల్లినట్టు ముడులు వేశాడు. చూడటానికి చానా బాగుంది. కొనడానికే ఎవరూ రాలేదు. "ఖాళీ సంచే ఇంత బరువుంటే, వంకాయలు నువ్వు మోస్తావా?" అని ఎదురింటి పిన్ని నవ్వి పోయింది.

తిరునాళ్లు దగ్గరికొస్తున్నాయి. రొంపిచెర్ల నుంచి పట్టా కోసం వచ్చిన ఓ పెద్దాయన, బండలాగుడు పందేలకి ఎడ్లు మేపేవాడు, సంచి పిడిని వదలకుండా నిమురుతున్నాడు.

"ఈ పిడి ఎంత?"

"సంచి ఎనిమిదొందలు, పెదనాన్నా."

"సంచెవడిక్కావాలమ్మాయ్? పిడి ఇయ్యి. మా గిత్త మెడలో ఏస్తా."

నా చెవుల్లో మువ్వలు మోగాయి. "విడిగా అమ్మం. ఓడవాళ్ల ఆచారం ఒప్పుకోదు" అన్నాను. అలాంటి ఆచారం ఆ క్షణంలోనే పుట్టింది. బాబాయి తలెత్తకుండా, "సముద్రం ఊరుకోదు" అన్నాడు గంభీరంగా.

పెద్దాయన గొణిగాడు, తిట్టాడు, రెండుసార్లు గడప దాటి వెనక్కొచ్చాడు. చివరికి గిత్త మెడ కొలత చెప్పాడు. మెడకు తగ్గ పిడి అంటే దానికి తగ్గ సంచి! మోకాలెత్తు సంచి కుట్టి, ఉలవలు పోసుకోవచ్చని అంటగట్టాను. నా గుట్ట మొదటిసారి కొంచెం తగ్గింది.

తిరునాళ్లకి ముందే కొండ కింద జరిగిన తొలి పందెంలోనే పెద్దాయన గిత్తల జత బండని గీత దాటించింది. గెలిపించింది గిత్తల రెక్కల బలమో, తిన్న ఉలవలో దేవుడికెరుక. జనం మాత్రం మెడలోని తెల్లముడుల్నే చూశారు. మర్నాటి నుంచి ఎడ్లవాళ్లు మా కొట్టు ముందు బారులు కట్టారు. "రొంపిచెర్లోళ్లకి మూడు వరసలా? మాకు ఐదెయ్యి" అని మాచర్ల ఆయన. "మాకు ఏడు" అని గురజాల ఆయన. వరసకో మూర గుడ్డ చొప్పున సంచీ పెరుగుతుందని చెప్పాను. (అది కూడా ఆచారమే.) తిరునాళ్ల రోజు పొద్దున్నే ఆఖరి ముక్క అమ్ముడైపోయింది. నాన్న ఖాళీ నేల చూసి, నన్ను చూసి, గొంతు సవరించుకుని, "ఏమే, ఆ చిలకలూరిపేటాయన దగ్గర ఇంకేమన్నా మిగిలిందా?" అన్నాడు. కోచింగుకి మా అన్న వెళ్లాడు.

ఇప్పుడు ఫోన్లో రేటు చూసి, ఎవరితో మాటా పలుకూ లేకుండా సరుకు తెప్పిస్తున్నాను. నష్టం రాదు, కథా రాదు.

లెక్క కూడా చెప్పేస్తాను. గుడ్డ, ట్రాలీ, మైనం పట్టిన దారం, బాబాయి కూలి (డబ్బే ముట్టనన్న మనిషి చివర్లో నాకంటే గట్టిగా బేరమాడాడు) పోగా మిగిలింది పదకొండు వందలు. బజారులో అందరికీ పదకొండు వేలని చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. మీరు మనవాళ్లు కాబట్టి అసలు రేటు.