మార్తమ్మగారు లాగిన దారం

మొన్న పాలకొల్లు బజారులో ఒక దుకాణం ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన లేసు వాసన తగిలి నిలబడిపోయాను. అది మా పక్కింటి మార్తమ్మగారి వరండా వాసన. ఆదివారం చర్చికి వెళ్లే వేళ తప్ప ఆవిడ చేతిలోంచి లేసు సూది దిగేది కాదు.

నేను రైసుమిల్లులో కాటా గుమస్తాను. చదువు ఇంటరుతో ఆగినా, పాత పుస్తకాలు కొనుక్కుని టోపాలజీ సొంతంగా నేర్చుకున్నాను. ఎంత వంచినా, సాగదీసినా వస్తువులో మారనిదేదో వెతికే లెక్క అది. నీటి సుడులు ఒకదానిలో ఒకటి ఎలా చిక్కుకుంటాయో, కణంలో బారెడు పొడవున్న డీఎన్ఏ చిక్కు ఎలా విడుతుందో చెప్పడానికీ పనికొస్తుంది. ఇది విని కాలేజీలో బయాలజీ మేడమ్ తన పిల్లలకు ఒక గంట పాఠం చెప్పమన్నారు. డిగ్రీ లేనివాణ్ణి. తప్పు చెబితే మళ్లీ ఎవరూ పిలవరని భయం. పన్నెండు పేజీలు రాసుకున్నాను.

పాఠానికి ముందు ఆదివారం మార్తమ్మగారి దారమే అడిగి తీసుకుని, ఆవిడ బల్ల మీదే మెలికలు తిప్పి పరిచాను. పోగు మీదుగా పోగు దాటే చోట్లు లెక్కపెట్టి, రెండుసార్లు సరిచూసి, చీటీ మీద ఏడు అని రాశాను.

"ఏంటండి గుమస్తాగారూ అది?" అన్నారావిడ.

"ముడండి. ఏడు దాట్లున్నాయి. ఎన్ని ఎక్కువుంటే అంత గట్టి ముడి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక కొస పట్టుకుని లాగారు. అంతా జారిపోయి ఒట్టి దారం మిగిలింది.

"మీ ఏడూ ఏవండి?"

నా పన్నెండు పేజీలూ ఆ లెక్క మీదే నిలబడ్డాయి.

"లేసైనా అంతేనండి. దుప్పటంత అల్లినా ఆఖరి కొస ముడెయ్యకపోతే ఒక్క లాగుకి పోద్ది. చిక్కు వేరు, ముడి వేరు," అంటూ ఆవిడ మరో దారంతో చిన్న ముడి వేసి, రెండు కొసలూ కలిపి కుట్టేశారు. మూడే దాట్లు. ఎంత లాగినా పోలేదు.

"దీన్నెలా విప్పుతారండి?" అన్నాను.

"ఒకచోట కత్తిరించి, ఆ సందులోంచి రెండో పోగు పోనిచ్చి, మళ్లీ అతకాలి. అతుకు కనపడకూడదు. తప్పు పడ్డప్పుడల్లా మేం చేసేదదే."

కణంలో ఒక ఎంజైము డీఎన్ఏ పోగుకి సరిగ్గా ఆ పనే చేస్తుంది. నెల రోజులుగా బొమ్మల్లో చూస్తూ నేను అర్థం చేసుకోలేనిది ఆవిడ వేళ్ల మధ్య కనిపించింది. పేజీలు ఇంట్లో వదిలి, రెండు దారాలూ ఒక కత్తెరా పట్టుకుని కాలేజీకి వెళ్లాను.

"అతకనివ్వకపోతే సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"కణం చచ్చిపోతుందమ్మా. కొన్ని క్యాన్సర్ మందులు చేసేది అదే," అన్నాను. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

ఇంటికొచ్చి చెబితే మార్తమ్మగారు సూది ఆపకుండానే, "అయితే మావోళ్లెవరో లోపల కూర్చుని అల్లుతున్నారన్నమాట," అన్నారు.

ఆవిడ పోయి నాలుగేళ్లు. మేడమ్ ఏటా పిలుస్తూనే ఉన్నారు. ఆ మూడు దాట్ల దారం కాటా బల్ల సొరుగులో ఉంది. ఏ లెక్క తేలినా, సంతోషపడే ముందు ఒక కొస పట్టుకుని లాగి చూస్తాను.