జానీకి ప్రసాదం

2024. సమ్మక్క జాతర ముగిసి ఎండలు ముదిరిన రోజులు. గోదావరిఖనిలో ఒక సందు చివర నా చిన్న క్లినిక్. చదివింది పశువైద్యమే అయినా, ఈ బొగ్గు ఊళ్లో నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెంపుడు కుక్కలే.

అలా వచ్చినవాడే జానీ, ఏడేళ్ల లాబ్రడార్. వాణ్ణి తీసుకొచ్చిన కొమురయ్య బాయిలో, అంటే భూగర్భ గనిలో, పైకప్పు కూలకుండా దన్ను పెట్టే పని చేస్తాడు. జానీ నీళ్లు తెగ తాగుతున్నాడు, రోజురోజుకీ చిక్కిపోతున్నాడు, కళ్లు మబ్బు పడుతున్నాయి. పరీక్ష చేస్తే షుగర్. అదుపులోకి రాకపోతే ముందు చూపు, తర్వాత ప్రాణం పోతాయని దాచకుండా చెప్పాను.

"ఇన్సులిన్ రోజు రెండు పూటల ఇయ్యాలె. ఒక్క పూట తప్పినా నేనూరుకోను" అన్నాను.

"తప్పది మేడం. డ్యూటీకి పోయేముందు ఒకటి, వచ్చినంక ఒకటి. అవసరమైతే ఒకటే షిఫ్టు ఇయ్యుమని బతిమిలాడుకుంట."

అన్నంత పనీ చేశాడు. సూది ఎలా పట్టుకోవాలో నా ముందే పదిసార్లు చేసి చూపించాడు. అయినా షుగర్ దిగలేదు. డోసు పెంచినా అంతే. ఒకరోజు జానీని తెల్లారకముందే రప్పించి గ్లూకోజ్ కర్వ్ చేశాను. అంటే రోజంతా కొన్ని గంటలకోసారి రక్తం తీసి షుగర్ ఎలా ఎక్కి దిగుతోందో చూడటం. నా దగ్గర ఉన్నంతసేపూ షుగర్ చక్కగా దిగింది. ఇంటికి పంపి మర్నాడు మళ్లీ చూస్తే ఎక్కి ఉంది.

"కొమురయ్యా, ట్రీట్స్ ఏమన్న పెడ్తున్నరా? గదే, ముద్దుకు పెట్టే చిరుతిండి. బిస్కెట్లు, రస్కులు?"

"అమ్మతోడు, ఏం లేదు మేడం. మీరు చెప్పిన తిండే. బిస్కెట్ ముక్క సుత ముట్టనిస్తలేను."

అతని మొహంలో అబద్ధం లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ ఆదివారం సాయంత్రం చెప్పకుండా వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను.

కొమురయ్య తల్లి ఐలవ్వ అప్పుడే సమ్మక్క తల్లి పటం ముందు దీపం పెడుతోంది. జానీ ఎవరూ పిలవకుండానే వచ్చి పటం ఎదుట బుద్ధిగా కూర్చున్నాడు. అవ్వ డబ్బా మూత తీసి, ఉసిరికాయంత బెల్లం ముక్క వాడి నోట్లో పెట్టింది.

"అవ్వా! ఏం పెడుతున్నవ్?"

"తల్లి ప్రసాదం, బిడ్డా. పిల్లగున్నప్పుడు వీడు సచ్చి బతికిండు. బతికితే వీని ఎత్తు బెల్లం ఇస్తనని మొక్కుకున్న. మొన్న జాతరల తూకమేసి మొక్కు తీర్చుకున్నం. గా ప్రసాదమే రెండు పూటల పెడుతున్న."

నేను కొమురయ్య వైపు తిరిగాను.

"ప్రసాదం తిండి లెక్కల ఎట్లొస్తది మేడం?" అన్నాడు. నిజంగానే అతనికి ఆ అనుమానమే రాలేదు.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ అవ్వ మీద అరిచి సాధించేదేముంది? నేల మీద ఆమె పక్కనే కూర్చున్నాను.

"అవ్వా, మొక్కింది వీని పానం కోసమే గద? వీనికి షుగరున్నది. బెల్లంతోనే వచ్చిందని నేనంటలేను. కానీ దాన్ని దిగనిస్తలేనిది గదే."

ఐలవ్వ డబ్బా మూత పెట్టేసింది. "నా చేతులతోని నేనే..." అని కళ్లొత్తుకుంది. కాసేపటికి తేరుకుని, "ప్రసాదం వద్దంటే తల్లికి కోపం రాదా?" అంది.

"పసుపు కుంకుమ సుత తల్లి ప్రసాదమే గదవ్వా. నొసట బొట్టు పెట్టు. నోట్ల మాత్రం నేను చెప్పిందే పెట్టు."

కీరదోస ముక్కలు, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్, ఎప్పుడైనా ఎముక లేని ఉడికించిన చికెన్ చిన్న ముక్క. ఇవీ నేను చెప్పినవి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిగడ్డ ఏ కుక్కకైనా విషమేనని, ఉడికిన ఎముకలు పేగుల్ని చీల్చేస్తాయని కూడా గట్టిగా చెప్పాను. కీరదోస ముక్క చూసి జానీ మొహం తిప్పుకున్నాడు. అవ్వ ఓడిపోయే మనిషి కాదు. వాడి ముందు కూర్చుని, తానే కరకర నములుతూ, "అబ్బ, ఎంత కమ్మగున్నదిరా!" అని ఊరించి ఊరించి వారంలో దారికి తెచ్చింది.

షుగర్ దిగింది. జానీ మళ్లీ కండ పట్టాడు. అప్పట్నుంచి నేను ఎవర్నీ "ఏం పెడుతున్నారు?" అని అడిగి వదిలెయ్యను. "దీని నోట్లెకు ఏమేం పోతున్నయి? ఎవరెవరి చేతుల నుంచి?" అని అడుగుతాను. జనం అబద్ధం చెప్పరు, ప్రేమతో పెట్టింది వాళ్లకు లెక్కలోకి రాదు, అంతే.

కళ్లు మాత్రం దక్కలేదు. అప్పటికే రెండు కళ్లకూ పొర ముదిరిపోయింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేస్తారని, కానీ వాడికి చూపు వస్తుందని హామీ ఇవ్వలేనని చెప్పాను. కొమురయ్య జానీ మెడ నిమిరాడు.

"పానం దక్కింది, గది చాలు మేడం. చీకట్ల ఎట్ల నడవాల్నో నాకెరుకే. జిందగీ అంత బాయిలనే నడిచిన. వీనికి నేను నేర్పుత."