బురద తొట్టి మీద కాపలా

మా వైపు ఎవరైనా బావిలో పడితే మొదట చూసినవాడే దూకుతాడు. గట్టు మీద నిలబడి కేకలు పెట్టినవాణ్ని బతికినన్నాళ్లూ ఊరు దెప్పుతూనే ఉంటుంది. అలాంటి ఊళ్లో పుట్టిన నాకు, దూకకుండా నిలబడే ఉద్యోగం దొరికింది.

ఎల్లారెడ్డి దాటాక గుట్ట పక్కన రాళ్ల గని ఉంది. గనిలో ఊరే నీళ్లను తోడి, సున్నం కలిపి, బురద అడుగుకు దిగాక తేట నీళ్లను వాగులోకి వదులుతారు. ఆ ప్లాంటులో పంపులు చూసేది నా భర్త. పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టి పరీక్ష చేసేది నేను. ఆ బురద చేరే లోతైన తొట్టిలోకి ఎవరైనా దిగితే పైన కాపలా ఉండడం కూడా నా పనే.

నేర్పడానికొచ్చిన సారు మొదటిరోజే చెప్పాడు: "ఏమన్న గానీ, నువ్వు మాత్రం దిగొద్దమ్మా. లోపల గ్యాస్ కండ్లకు కనబడదు. కాపాడబోయినోళ్లే ఎక్కువ పోతరు."

"మొగుడు పోతుంటే పెండ్లాం పైనుంచి తమాషా చూడాల్నా సారూ?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

వానలు వెనకపట్టాక ఒకరోజు తొట్టిలో పంపు జామైంది. గ్యాస్ కొలిచే మిషన్‌ను తాడుకు కట్టి కిందికి వదిలాం. ఫ్యాన్ పెట్టి లోపలికి గాలి కొట్టాం. మిషన్ కిక్కురుమనలేదు. అయినా నేను దాన్ని ఛాతీకి తగిలించి, బెల్టు పట్టీలు ఒక్కొక్కటీ గుంజి చూస్తుంటే మా ఆయనకు నవ్వొచ్చింది.

"పెండ్లికొడుకు లెక్క ముస్తాబు చేస్తున్నవేందే?"

"నోర్మూసుకొని దిగు."

బెల్టుకు తాడు, తాడు పైన మూడు కాళ్ల స్టాండు మీది గిలకకు, అక్కడినుంచి నా చేతి కింద, తాడు చుట్టే పిడికి. ఆయన అడుగుకు దిగి గడ్డపారతో బురద కెలికాడు. అంతే, ఛాతీ మీది మిషన్ కీచుమని మొత్తుకుంది. పేరుకున్న బురదలో దాగిన గ్యాస్ ఒక్కసారే లేచింది. ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఏదో అనబోయి, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిలిచాను. పలకలేదు. ఎప్పుడు పెట్టానో తెలియదు, నా కాలు నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంది. కుళ్లిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది. కాలు వెనక్కి తీసుకున్నాను. సారు మాట గుర్తొచ్చి కాదు. చచ్చేంత భయమేసింది, అందుకే తీశాను.

పిడి పట్టుకుని తిప్పాను. కదిలింది గానీ, మనిషి బరువుకు నా చేతులు చాలలేదు. మిషన్ మోత విని, గనిలో పనిచేసే మా మరిది ఉరికొచ్చాడు. వచ్చీ రాగానే నిచ్చెన వైపే పోయాడు. వాడి అంగీ పట్టి గుంజాను.

"ఇడువు వదినె! అన్న పోతున్నడు!"

"నువ్వు దిగినంక నిన్నెవడు గుంజుతడురా? వచ్చి పిడి పట్టు!"

వాడు మోచేత్తో నన్ను నెట్టాడు. చెంప పగలగొట్టాను. కండ్లల్లో నీళ్లతో నన్ను తిడుతూనే వచ్చి పిడి పట్టాడు. ఇద్దరం కలిసి తిప్పితే ఆయన తల పైకొచ్చింది. పెదవులు నల్లబడి ఉన్నాయి. దూరంగా గాలి తగిలేచోట పడుకోబెట్టాం. ఎంతసేపటికీ ఊపిరి ఆడినట్టు కనబడలేదు. ఆ తర్వాత దగ్గాడు. అంత చెడ్డ దగ్గు విని అంత సంతోషపడ్డది నేనొక్కదాన్నేనేమో.

అంబులెన్సులో కామారెడ్డి దవాఖానకు పోయాం. సాయంత్రానికి మా అత్త వచ్చింది. కొడుకు తల నిమిరి, నా వైపు తిరిగింది.

"నా కొడుకు కింద పడుంటే, పైన నిలబడి చూసినవానే? దుంకబోయినోన్ని గూడ ఆపితివట. నీది గుండెనా, బండనా?"

ఒక మాటకు పది చెప్పే నోరు నాది. తాడు సంగతి, పిడి సంగతి చెప్పొచ్చు. కానీ మెట్టు మీంచి వెనక్కి తీసుకున్న నా కాలు నాకు తెలుసు కదా.

ఆయన కోలుకుని పనిలోకి వచ్చాడు. ఊపిరికి గాలి అందించే మాస్కు కూడా కొత్తగా వచ్చింది. అయినా నేను తొట్టి పక్కనుంచి పోకుండా చుట్టు తిరిగి పోయేదాన్ని. మళ్లీ పంపు జామైన రోజు సూపర్‌వైజర్ నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఇయ్యాల నువ్వు కూసో అమ్మా. పైన మీ మరిది ఉంటడు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

మాస్కు తగిలించుకోబోతున్న మా ఆయన ఆగిపోయాడు.

"తమ్ముడు వద్దు సార్. వాడు దుంకుతడు," అన్నాడు. "మా ఆమె ఉంటేనే దిగుత."

నాకు ఏడుపొచ్చింది. పోయి పిడి పట్టుకున్నాను.