నాలుగు డెస్క్‌టాప్‌లు, హుసేనమ్మక్క మతిమరుపు

2022 ఎండాకాలం. ఉరవకొండలో ఒక ప్రైవేటు నీళ్ల పరీక్షల ల్యాబ్. చుట్టుపక్కల రైతులు కొత్త బోరు వేయించాక నీళ్లు సీసాలో పట్టి తెస్తారు. ఉప్పు ఎంత, ఫ్లోరైడ్ ఎంత, తాగడానికి పనికొస్తాయా అని ల్యాబ్ రిపోర్టు ఇస్తుంది. ఆ రిపోర్టులు టైపు చేసేది హుసేనమ్మక్క. యాభై దాటిన మనిషి. అక్కడి కంప్యూటర్లు చూసుకునేది నేను. అనంతపురంలో నాకు సర్వీసు షాపు ఉంది. పదిహేను రోజులకోసారి, శనివారం, ఉరవకొండకు వెళ్లేవాణ్ని.

మతిమరుపు వచ్చి ఆమె ఉద్యోగం మానేసిందని ఊళ్లో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. జరిగినదానికి కారణం నేనే కాబట్టి నేనే రాయాలి.

ఆమె కంప్యూటర్ పాతది. విండోస్ మొరాయిస్తుంటే తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేశాను. లినక్స్‌లో లోపల పనిచేసేది ఒకటే అయినా, తెరమీద కనిపించే రూపాన్ని మార్చుకోవచ్చు. మెనూ ఎక్కడుండాలి, ఫైళ్లు ఎలా కనబడాలి అన్నవి నిర్ణయించే ఆ భాగాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ, పైన మెనూలు వరుసగా ఉండే ‘మాటే’ (MATE), విండోస్‌కు దగ్గరగా అనిపించే కేడీఈ, తెరను ఖాళీగా ఉంచే గ్నోమ్. నాలుగూ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఎక్కించాను. ఏది ఎంత మెమరీ తింటుంది, మామూలు మనిషికి ఏది త్వరగా అలవాటవుతుంది అని పోల్చి చూడాలనుకున్నాను. తర్వాత జిల్లాలోని ఆఫీసులన్నిటికీ అదే వేసివ్వాలని ఆశ.

వెళ్లినప్పుడల్లా ఒకటి తీసి ఇంకొకటి పెట్టి వచ్చేవాణ్ని. ఆమెకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని కావచ్చు. చెప్పకపోతేనే పరీక్ష సరిగ్గా ఉంటుందని కావచ్చు. అసలు కారణం ఏదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సోమవారం పొద్దున్నే ఫోన్ వచ్చేది.

"ఏమప్పా ఆంజీ, మెనూ కింద ఉండె గదా, పైకెట్ల పోయింది?"

"నువ్వే ఏందో నొక్కింటావులే అక్కా."

మా పనిలో ఈ మాట రోజుకు పదిసార్లు అంటాం. చాలాసార్లు నిజమే అవుతుంది. ఆమెతో మొదటిసారి అలవాటు కొద్దీ అన్నాను. రెండోసారి అన్నప్పుడు మాత్రం అబద్ధమని నాకు తెలుసు.

గ్నోమ్ పెట్టిన వారం ఆమె గొంతు మారిపోయింది. "రిపోర్టు నమూనా ఫైలు తెరమీదనే పెట్టింటి. ఈపొద్దు లేదు. నేనే తుడిచేసినానో ఏమో!"

గ్నోమ్‌లో తెరమీద ఫైళ్లు మామూలుగా కనబడవు. ఫోల్డర్లో భద్రంగా ఉంటాయి. ఎక్కడుందో చెప్పాను గానీ ఎందుకట్లయిందో చెప్పలేదు. తర్వాత వెళ్లిన శనివారం కేడీఈకి మార్చాను. ఫైలు మళ్లీ తెరమీదికి వచ్చింది. ఆమె భోంచేసి వచ్చి చూసింది.

"ఉండాదప్పా! అన్ని దినాలు కండ్లింత చేసుకోని చూసినా. ఆడ లేనే లేదు."

సంతోషిస్తుందనుకున్నాను. భయపడింది. వాళ్లమ్మ చివరి రోజుల్లో కన్నకూతురినే "నువ్వెవరు?" అని అడిగేదట. ఆ మాట చెప్పి నా ముఖంలోకి చూసింది. నేను మౌస్ తుడుస్తూ కూర్చున్నాను.

ఆగస్టులో ఒక శనివారం ల్యాబ్ యజమాని గదిలోకి పిలిచాడు. హుసేనమ్మక్క అప్పటికే అక్కడ ఉంది.

"హుసేనమ్మ మానేస్తానంటాంది. నువ్వన్నా చెప్పు."

"వద్దు సార్," అంది ఆమె. "ఫ్లోరైడ్ అంకె ఒకటి తప్పు కొడితే ఆ నీళ్లు పిల్లోళ్లు తాగుతారు. నా తల మీద నాకే నమ్మకం లేకుండాది."

చేతిలోని నోటుబుక్కు నాకిచ్చింది. రోజుకో పేజీ. కంప్యూటర్ తెర బొమ్మ పెన్సిల్‌తో గీసింది. మెనూ ఎక్కడ, గడియారం ఎక్కడ, ఫైళ్లు ఎక్కడ. కొన్ని పేజీల కింద, "నిన్న ఇట్ల లేదు. ఉండెనా?" అని రాసుకుంది. నరాల డాక్టరుకు చూపించడానికట. ఆ బొమ్మల్లో నా నాలుగు డెస్క్‌టాప్‌లూ స్పష్టంగా ఉన్నాయి. నేను రాసుకున్న పోలికల్లో అంత శ్రద్ధ లేదు.

అప్పుడు చెప్పాల్సింది. యజమాని ఎదురుగా ఉన్నాడు. ల్యాబ్ పని పోతుందని భయం.

"అప్‌డేట్లు వస్తాంటాయి సార్. అప్పుడప్పుడు అట్లయితాది," అన్నాను. అదేమిటో ఆయనకు అర్థం కాలేదు. ఆమె పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది.

మూడు నెలల తర్వాత ఆమె కొడుకు చార్జర్ కోసం నా షాపుకు వచ్చాడు. అక్క ఎలా ఉందని అడిగాను.

"స్టవ్ ముట్టుకోనీయం అన్నా. రెగ్యులేటర్ తీసి దాచిపెడతాండాం. మా పాపను ఆమెతో అంగడికి గూడా పంపం. భయం గదా."

చార్జర్ తీసి ఇచ్చి పంపాను. మరుసటి రోజే ల్యాప్‌టాప్ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. అందరినీ కూర్చోబెట్టి నాలుగు డెస్క్‌టాప్‌లూ ఒక్కొక్కటే చూపించాను. ఆమె నోటుబుక్కు అడిగి తెప్పించి, గీసిన పేజీలు పక్కన పెట్టాను.

"అంటే అమ్మకేమీ లేదా?" అన్నాడు కొడుకు.

"లేదు. మార్చింది నేను. అబద్ధం చెప్పింది కూడా నేనే."

కోడలు లేచి నిలబడింది. "ఉన్న మతిని లేదనిపిస్తివి గదన్నా! నువ్వొక మనిషివేనా?"

హుసేనమ్మక్క నోటుబుక్కు మూసింది. టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

యజమానికి కూడా చెప్పాను. ఆ ల్యాబ్ పని పోయింది. పోవాల్సిందే. ఆమె కుర్చీలో అప్పటికే వేరే అమ్మాయి ఉంది.

లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్ మంచిదన్నా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని అడగమంటాను. మార్చేటప్పుడు పక్కన కూర్చుని, మారుస్తున్నానని చెప్పి మరీ మార్చమంటాను. ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకొకరి మనసు విరగాల్సి వచ్చింది.

పోయిన నెల ఉరవకొండ బస్టాండులో హుసేనమ్మక్క కనిపించింది. కొంచెంసేపు అవీ ఇవీ మాట్లాడి, దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

"ఆంజీ, నిజం చెప్పు. అవన్నీ నువ్వే మార్చినావా? లేకుంటే నా బాధ చూడలేక నీ మీద ఏసుకుంటివా?"

నేనే అక్కా అన్నాను. ఒట్టేసి చెప్పాను. "సరేలేప్పా," అని బస్సెక్కింది. నమ్మిందో లేదో ఆమె ముఖం చూస్తే తెలియలేదు.